శాబాదు బండలు

"బస్సు తొమ్మిదింటికి. నువ్వు వస్తవా, నేనొక్కదాన్నే పోవాల్నా? ఆ ఒక్క ముక్క చెప్పు," అంది హుసేన్‌బీ.

డెబ్బై ఏళ్ల మనిషి. గడపకు అడ్డంగా కూర్చుంది. బురఖా అప్పుడే తొడుక్కుంది. పక్కన గుడ్డసంచి. అందులో ఒక చీర, మోకాళ్లకు రాసుకునే నూనె, పావుకిలో చాయ్‌పత్తి, చక్కెర పొట్లం. చాయ్‌పత్తి, చక్కెర మన్ననూరులో ఉన్న కురుమయ్య భార్య దేవమ్మ కోసం.

హఫీజ్ చేతిలో చాయ్ ఎప్పుడో చల్లారిపోయింది. బడికి మూడు రోజులుగా సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. మూడు రోజులుగా తల్లి ఇదే మాట అడుగుతోంది. ఈ రోజు మాత్రం సంచి సర్దుకుని మరీ అడుగుతోంది.

"అమ్మీ, జర మెల్లగ. గల్లీ అంత వింటుంది," అంది హీనా వంటింట్లోంచి తొంగిచూసి.

"విననీ. మూడ్రోజుల సంది అబద్ధం వింటుంది గద. ఒక్కపూట నిజం వింటే చెవులేం ఊడిపోవు."

"అబద్ధమేముంది అండ్ల? పార్కుల గడ్డి పెరిగింది, పాము వచ్చింది, పిల్లను కరిచింది. ఆ గడ్డి పెంచింది కురుమయ్యనే గద?"

"గడ్డిలకెల్లి రాలె కోడలా. బండల కిందికెల్లి వచ్చింది." హుసేన్‌బీ కొడుకు వైపే చూస్తోంది. "నేను ఈ గడపల్నే కూసొని విన్న. ఒక్కసారి కాదు, రెండుసార్లు. 'సారూ, పిల్లలు ఆడేకాడ ఆ బండలు వద్దు, ఎలుకలు జొరబడ్తయి, ఎలుకల కోసం అది వస్తది' అన్నడు కురుమయ్య. నీ మొగడేమన్నడు? వచ్చే ఆదివారం మేస్త్రి వస్తడు అన్నడు. ఎన్ని ఆదివారాలు పోయినయి రా హఫీజ్?"

ఐదు. హఫీజ్‌కు లెక్క తెలుసు.

హీనా చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని పక్కన నిలబడింది. గొంతు తగ్గించింది.

"అమ్మీ, నేను ఆ ముసలాయనను చెడ్డోడు అంటలేను. కని ఆ పిల్ల నాయన హన్మంతు పోలీస్ స్టేషన్‌కు పోతే? బండలు ఎవరు పెట్టిపిచ్చిండ్రని అడిగితే? ఈ సంవత్సరం హెడ్మాస్టర్ పోస్టుకు ఈయన పేరు పంపిండ్రు. గీ టైంల గిట్ల బయటపడితే ఇరవై ఏండ్ల ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ పోయేది ఇయ్యాల కాదు. అది మొన్న దవాఖాన గేటు కాడనే పోయింది. నీ మొగనికి తెలుసు."

తెలుసు. అందుకే అతను మూడు రోజులుగా అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకోలేదు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. ఫరా బయటికి వచ్చింది. పదహారేళ్ల పిల్ల. చేతిలో టిఫిన్ డబ్బా. పాము కరిచి దవాఖానాలో ఉన్న జమ్ములుకూ, వాళ్లమ్మ వెంకటమ్మకూ రోజూ మధ్యాహ్నం అన్నం తీసుకెళుతోంది. పొద్దున్నే కడిగి ఎండబెట్టిన ఆ డబ్బాను కిటికీలో పెట్టింది.

"తిన్నవా బేటా?" అన్నాడు హఫీజ్.

ఫరా నానమ్మ వైపు తిరిగింది. "దాదీమా, బస్సుల ముంగటి సీట్ల కూసో. ఎనక సీట్లయితే ఎగరేస్తది. నీ నడుము పోతది."

అంతే. తండ్రి మొహం చూడకుండానే లోపలికి వెళ్లిపోయింది. తలుపు గట్టిగా వేయలేదు. మెల్లగా దగ్గరికి వేసింది. గట్టిగా వేసినా బాగుండేదని హఫీజ్‌కు అనిపించింది.

వనపర్తిలో పాత గిర్నీ కాలనీ పార్కు అంటే రెండేళ్ల కిందటి దాకా ఎవరూ కాలు పెట్టేవారు కాదు. రెండెకరాల సర్కారు తుమ్మ, నడిమధ్య ఎండిపోయిన లాన్. కాలనీ కమిటీకి హఫీజ్ కార్యదర్శి అయ్యాక, చాలా కాలం కింద మన్ననూరు బడిలో పనిచేసినప్పుడు పరిచయమైన చెంచు పెద్ద కురుమయ్యను వెతుక్కుంటూ వెళ్లాడు. 'ఈ నేల మీద మొదట ఏముండేదో అదే మళ్లీ రావాలి, చేసిపెడతావా' అని అడిగాడు.

కురుమయ్య వచ్చి మొదటి రెండు నెలలు ఏ పనీ చేయలేదు. ఊరికే తిరిగాడు. వాన పడితే నీళ్లు ఎటు పారుతున్నాయో చూశాడు. చీమలు ఎక్కడ పుట్ట పెడుతున్నాయో, పిట్టలు ఏ మూల రెట్ట వేస్తున్నాయో చూశాడు. ఆ తర్వాతే గడ్డపార పట్టాడు. సర్కారు తుమ్మను వేళ్లతో పెకిలించి, ఆ కంపనే నీటి దారికి అడ్డంగా పేర్చాడు. దాని వెనక మట్టి నిలిచింది. ఆ మట్టిలో బోదగడ్డి వేశాడు. దాని నీడన మోదుగ, రేల, తునికి, మొర్రి, పాల చెట్లు. రెండో వానకాలానికి కంజుపిట్టలు వచ్చాయి. కాలనీలో చాలామంది ఆ పిట్టను అప్పుడే మొదటిసారి చూశారు.

పేపరువాళ్లు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. హఫీజ్ సార్ పార్కు అని రాశారు. అప్పుడే అతనికి పార్కులో ఒక పేరు బోర్డు పెట్టాలన్న ఆలోచన వచ్చింది. బోర్డుకు గద్దె కట్టడానికి శాబాదు బండలు తెప్పించి ఉయ్యాల పక్కన కుప్ప పోయించాడు.

ఆ కుప్పలోంచే పొడపాము వచ్చి, ఏడేళ్ల జమ్ములును చీలమండ దగ్గర కరిచింది.

*

"సలామాలేకుం సారూ. ఇంట్లనే ఉన్నరా?"

గేటు దగ్గర వెంకటన్న. కమిటీ అధ్యక్షుడు. చేతిలో మడత పెట్టిన కాగితం. హుసేన్‌బీ గడపలోంచి జరగలేదు. ఆయన ఆమెను దాటుకుని, ఒదిగి ఒదిగి లోపలికి వచ్చాడు.

"ఎక్కడికో ప్రయాణం ఉన్నట్టుంది అమ్మ?"

"మన్ననూరుకు," అంది హుసేన్‌బీ.

వెంకటన్న మొహం కాస్త మారింది. హఫీజ్ వైపు చూసి, కాగితం విప్పి బల్ల మీద పెట్టాడు.

"జేసీబీ దొరికింది సారూ. రేపు పొద్దుగాల ఏడింటికి వస్తదంట. రాత్రి అందరం అనుకున్నం. గడ్డి, పొదలు, ఆ పిచ్చిచెట్లు, మొత్తం గీకిపిచ్చి సాపు చేపిద్దాం. కార్యదర్శి సంతకం ఉండాలె గద, అందుకొచ్చిన."

హఫీజ్ కాగితం చదివాడు. మొత్తం నాలుగు వాక్యాలు. రెండేళ్ల పని ఆ నాలుగు వాక్యాల్లో పోతోంది.

"చెట్లు... అన్నీ తీపియ్యాల్నా అన్నా?"

"నాకూ పానం ఒప్పుతలేదు సారూ. కంజుపిట్టలను చూపియ్యడానికి నా మనవణ్ణి నేనే రోజూ ఎత్తుకపోతుంటి. కని ఆ పిల్ల కాలు చూసినంక ఎవరికి నిద్ర పడుతలేదు. ఆడోళ్లు పిల్లలను గల్లీలకు ఇడుస్తలేరు. ఎట్ల చెప్పు మరి?"

ఆయన మాటల్లో కపటం లేదు. అందుకే హఫీజ్‌కు ఎదురు చెప్పడానికి ఏ దారీ దొరకలేదు. ఒక్క దారి ఉంది. అన్నా, తీయాల్సింది చెట్లను కాదు, నా బండలను. అంత చిన్న మాట. అది నాలుక దాకా వచ్చింది. హీనా అతని భుజం మీద చెయ్యి వేసింది.

అతను పెన్ను తీసి సంతకం పెట్టాడు.

"మీరు ఫికర్ చేయకుండ్రి సారూ," అన్నాడు వెంకటన్న కాగితం మడుస్తూ. "మంచి మనసుతోని ఆ అడివాయనను నమ్మిండ్రు. మీరు కోయమన్నరు, ఆయన ఇనలే. మీ తప్పేముంది? కాలనీల ఒక్కలు కూడ మిమ్మల్ని ఒక్క మాట అంటలేరు."

ఆయన వెళ్లిపోయాడు. గేటు చప్పుడు ఆగిపోయాక కూడా ఆ ఓదార్పు ఇంట్లోనే ఉండిపోయింది.

"పెట్టినవా?" అంది హుసేన్‌బీ.

"పెట్టిన."

ఆమె గోడ పట్టుకుని లేచింది. మోకాలు పట్టేసింది. మూలుగు బయటికి రాకుండా పెదవి కొరుక్కుంది. సంచి భుజానికి వేసుకుని మెట్లు దిగసాగింది. ఒక మెట్టు, ఆగి, ఇంకో మెట్టు.

ఆమె మూడో మెట్టు దిగేసరికి హఫీజ్ చెప్పులు వేసుకున్నాడు.

"ఏడికి?" అంది హీనా.

అతను తల్లి భుజం మీది సంచి అందుకున్నాడు.

*

నాగర్‌కర్నూల్‌లో బస్సు మారారు. అచ్చంపేటలో మళ్లీ మారారు. కిటికీ బయట మొక్కజొన్న చేలు, ఆముదం చేలు, నల్లటి గుండ్లు. రాత్రి వాన పడినట్టుంది, నేల తడిగా ఉంది.

"బోర్డు మీద ఏం రాపియ్యాలనుకున్నవ్ రా?" అంది హుసేన్‌బీ ఉన్నట్టుండి.

"ఏదో... పార్కు పేరు. సంవత్సరం. రెండు వేల ఎనిమిది."

"ఇంక?"

"రూపకర్త అని... నా పేరు."

"కురుమయ్య పేరు?"

హఫీజ్ కిటికీ వైపు తిరిగాడు. "జాగ సాలదనుకున్న."

"ఔను," అంది తల్లి. "బండలు గన్ని తెప్పిస్తివి. జాగ యాడ సాల్తది."

ఆ తర్వాత ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోలేదని అతనికి తెలుసు. తస్బీ పూసలు వేళ్ల మధ్య కదులుతూనే ఉన్నాయి.

దవాఖాన గేటు మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది. ఆ రోజు పిల్ల కేక విని మొదట ఉరికింది కురుమయ్య. ఎవరో బ్లేడు తెచ్చి కోద్దామంటే ఒప్పుకోలేదు. 'మందు నాకాడ లేదు, దవాఖానల ఉంది' అని పిల్లను భుజాన వేసుకుని, చెప్పుల్లేని కాళ్లతో కిలోమీటరు దూరం పరుగెత్తాడు. డాక్టర్లు పిల్లను లోపలికి తీసుకున్నాక గేటు దగ్గర కూలబడి రొప్పుతున్నాడు. అప్పటికి జనం పోగయ్యారు. ఆ పాము ఎట్ల వచ్చింది సారూ అని ఎవరో అడిగారు. అందరూ హఫీజ్ వైపే చూశారు.

'ఆ గడ్డి కోయమని నేను చెప్తనే ఉన్న. ఆయన ఇనలే.'

అతను ఆ మాట ముందే అనుకుని అనలేదు. అడిగినంతలో నోట్లోంచి ఊడిపడింది. పిల్ల తల్లి వెంకటమ్మ వంగి గుప్పెడు మన్ను తీసి ముసలాయన మొహాన కొట్టింది. కురుమయ్య మన్ను తుడుచుకోలేదు. ఒక్కసారి హఫీజ్ వైపు చూశాడు. హఫీజ్ కిందికి చూశాడు. వెంటనే ఎవరో పిలిస్తే లోపలికి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చేసరికి కురుమయ్య లేడు.

*

మన్ననూరులో చెంచుల ఇళ్లు రోడ్డుకు కాస్త లోపల. దేవమ్మ ఇంటి ముందు చాప మీద ఏవో గింజలు ఆరబోసి, పుచ్చువి ఏరుతోంది. హఫీజ్‌ను చూడగానే మొహం వెలిగిపోయింది. లేచి కొంగు సర్దుకుంది.

"సారూ! అక్కా, నువ్వు గూడొచ్చినవా! ఈ కాళ్లేసుకొని?" హుసేన్‌బీ చెయ్యి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టింది. ఆ వెంటనే రోడ్డు వైపు తొంగిచూసింది. "ఆయన రాలేదా మీ ఎంట?"

తల్లీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంటికి రాలేదా?" అన్నాడు హఫీజ్.

"ఇంటికా? మీ కాడనే ఉన్నడు గద. మొన్న పండుగకు గూడ రాలె. మొర్రి మొక్కలకు ఇప్పుడు మనిషి కావాలె అన్నడు." దేవమ్మ నవ్వింది. "జర ఆగుండ్రి, చాయ్ పెడ్త. పాలు లేవు."

ఆమె లోపలికి వెళ్లింది. హఫీజ్ నిలబడే ఉన్నాడు. మూడు రోజులు. ఆ మనిషి మూడు రోజుల కిందట దవాఖాన గేటు దాటి ఎటో పోయాడు. ఇంటికి రాలేదు.

దేవమ్మ చాయ్‌తో పాటు మోదుగాకులో చుట్టిన పొట్లం కూడా తెచ్చింది. విప్పి చూపించింది. తడి మట్టి అంటిన గడ్డల తలలు, ఒక్కొక్కదానికి జానెడు తీగ.

"పార్కుల పెట్టనీకె ఏరిపెట్టిన. కింద ముక్క మనం తింటం, పై ముక్క తీగతోని మల్ల మట్టిల పెడ్తం. ఏటికేడు అదే గడ్డ. పాలచెట్టు నీడకు పెట్టమన్నడు. చెట్టు ఎంతయింది సారూ? నడుం దాక వచ్చిందా?"

"వచ్చింది," అన్నాడు హఫీజ్.

"పిట్టలు గూడు పెట్టినయంట గద?"

"దేవమ్మా." అతను చాప అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు. "రేపు పొద్దున ఆ చెట్లన్ని పీకేస్తరు. జేసీబీ వస్తుంది. కాగితం మీద సంతకం పెట్టి వచ్చిన. నేనే పెట్టిన."

ఆమెకు అర్థం కాలేదు. హుసేన్‌బీ తల వంచుకుంది.

అప్పుడు అతను చెప్పాడు. పిల్లను పాము కరిచిన సంగతి చెప్పాడు. కురుమయ్య ఎత్తుకుని పరుగెత్తిన సంగతి చెప్పాడు. దవాఖాన గేటు సంగతి చెప్పాడు. తను అన్న మాట దగ్గరికి వచ్చేసరికి 'అందరు అనుకున్నరు' అని దాటేయబోయాడు. హుసేన్‌బీ తస్బీ పూసలు ఆగిపోయాయి. అతను వెనక్కి వచ్చి, "నేను అన్న. ఆయన కోయలేదని నేనే అన్న. అబద్ధం," అన్నాడు.

దేవమ్మ చేతిలో గడ్డ అలాగే ఉంది.

"మన్ను కొట్టినప్పుడు ఆయన ఏమన్నడు?"

"ఏమనలె. నా దిక్కు చూసిండు."

"మీరు?"

"కిందికి చూసిన."

ఆమె గడ్డల పొట్లం మళ్లీ చుట్టింది. నారతో కట్టింది. ముడి రెండుసార్లు జారిపోయింది. హుసేన్‌బీ చాయ్‌పత్తి, చక్కెర తీసి చాప మీద పెట్టింది. దేవమ్మ వాటిని చూసింది కానీ ముట్టుకోలేదు.

"నన్ను మాఫ్ చెయ్యమని అడగనీకె వచ్చిన," అన్నాడు హఫీజ్.

"అది తరువాత సంగతి సారూ." ఆమె లేచి నిలబడింది. "మూడు దినాలంటివి. బస్సెక్కకుండ నడిచొచ్చినా ఈ పాటికి రావాలె. అరవై అయిదేండ్ల మనిషి. తిన్నడో లేదో. యాడున్నడో ముందు అది కనుక్కో. నీ మాఫీ యాడికి పోతది."

*

చెక్‌పోస్టు దగ్గర ఒకే ఒక్క ఎస్టీడీ బూత్ ఉంది. బీడీలు, సబ్బులు అమ్మే కొట్లో ఒక మూల. తలుపు లేదు. ఏం మాట్లాడినా కొట్టు ముందున్న వాళ్లకు వినిపిస్తుంది. హఫీజ్ ఇంటి నంబరు తిప్పాడు. వెనక దేవమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని హుసేన్‌బీ.

"హలో," అంది ఫరా.

మూడు రోజులుగా ఆమె అతనితో మాట్లాడటం లేదు. పెట్టేస్తుందేమోనని తొందరపడ్డాడు.

"బేటా, పెట్టకు. కురుమయ్య ఇక్కడికి రాలె. ఇంటికే రాలె ఆయన. నువ్వు ఎక్కడన్న..."

అటు వైపు తలుపు దగ్గరికి వేసిన చప్పుడు.

"ఫరా?"

"తాత యాడికి పోలె అబ్బా," అంది ఫరా. "దవాఖానల ఉన్నడు. బోరింగు ఎనక, గోడ పక్కన. మొన్నటి సంది ఆడనే కూసుంటుండు. పొద్దుగాల ఊడ్చే ఆమెను అడుగుతుండంట, పిల్ల కాలు వాపు దిగిందా అని. నేను తెచ్చే డబ్బాలనే ఆయనకు గూడ ఇంత పెడ్తున్న."

"నాకు చెప్పలేదేంది?"

"చెప్తే ఏం చేస్తుంటివి?"

అతను వెనక్కి తిరిగి దేవమ్మతో, "దొరికిండు. దవాఖాన కాడ ఉన్నడు, మంచిగున్నడు," అన్నాడు. దేవమ్మ కొట్టు అరుగు మీద కూర్చుండిపోయింది. అంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

"అబ్బా, ఇయ్యాల వెంకటమ్మ అత్త నీళ్లకు కిందికి దిగింది," అంది ఫరా. "నేను అడ్డం నిలవడ్డ, కనవడలే. రేపు కనవడ్తడు. మల్ల లొల్లి అయితది. మల్ల కొడ్తరు. నాకు చేత కావట్లే. నువ్వు చెప్తవా, నన్నే చెప్పమంటవా?"

"హన్మంతు సెల్ నంబర్ చెప్పు."

"ఏమిటికి?"

"నేనే చెప్త. చెప్పు బేటా."

ఫరా ఒక్కొక్క అంకె చెప్పింది. అతను అరచేతి మీద రాసుకున్నాడు. ఫోన్ పెట్టేముందు, "వెంకటన్న ఇంటికి పోయి ఆ కాగితం..." అన్నాడు.

"అది నువ్వే వచ్చి అడుగు," అంది ఫరా. పెట్టేసింది.

హఫీజ్ కొత్త నంబరు తిప్పాడు. ఒకసారి తప్పు తిప్పాడు. రెండోసారి మోగింది. హన్మంతు ఆటో నడిపే మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడతాడు.

"సారూ! చెప్పుండ్రి. దవాఖానల్నే ఉన్న."

"హన్మంతూ, నా మాట మొత్తం ఇను. నడుమ ఆపకు." కొట్టు ముందున్న ఇద్దరు మనుషులు ఇటు తిరిగారు. అతను వాళ్లకు వీపు చేయలేదు. "ఆ పాము గడ్డిలకెల్లి రాలె. ఉయ్యాల పక్కన శాబాదు బండలున్నయి చూడు, వాటి కిందికెల్లి వచ్చింది. ఆ బండలు నేను పెట్టిపిచ్చిన. తీపియ్యమని కురుమయ్య రెండుసార్లు చెప్పిండు. నేను తీపియ్యలె. గడ్డి కోయమని నేను ఎన్నడు చెప్పలె. గేటు కాడ నేను అన్నది అబద్ధం. తప్పు నాది."

ఫోన్‌లో హన్మంతు వెనక ఎక్కడో గిన్నెల చప్పుడు, ఎవరో నర్సును పిలుస్తున్న కేక. మీటరు మీద ఎర్ర అంకెలు మారుతున్నాయి.

"సారూ," అన్నాడు చివరికి. ఆ గట్టి గొంతు లేదు. "ఆ దినం ఆమె ఆయన మొహాన మన్ను కొట్టింది."

"తెలుసు. చూసిన."

"మీరు లోపలికి పోయినంక నేనొచ్చిన. ఆయన మెడవట్టి గేటు బయటికి నూకిన. కిందవడ్డడు. అది మీరు చూడలె."

హఫీజ్ గోడకు చెయ్యి ఆనించాడు.

"నా బిడ్డను మోసుకొచ్చినోన్ని నూకిన. మీరన్న మాట నలుగురు చెప్తే ఇని. ఇప్పుడు ఈ చెయ్యి ఏం చేసుకోవాలె సారూ?"

"ఆయన ఆడనే ఉన్నడు హన్మంతూ. బోరింగు ఎనక."

ఫోన్‌లో అడుగుల చప్పుడు వినిపించింది. అవి ఒకచోట ఆగాయి.

"ఆమెకిస్తున్న," అన్నాడు హన్మంతు. "నేను చెప్పలేను. నాతోని కాదు. మీరే చెప్పుండ్రి."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. గాజుల చప్పుడు.

"నమస్తె సారూ," అంది వెంకటమ్మ. గొంతులో సంతోషం. "బిడ్డ ఇయ్యాల గంజి తాగింది. వాపు దిగుతుందన్నడు డాక్టరు. ఆ దినం మీరు రక్తం ఇయ్యకుంటే నా బిడ్డ ఏమైతుండెనో. మా ఆయనకు రోజు చెప్తున్న, జమ్ములు పెద్దగైనంక సారు కాళ్లు మొక్కాలె అని."

ఒక సీసా రక్తం. నిజమే, ఆ సాయంత్రం ఇచ్చాడు. ఇచ్చి, లెక్క సరిపోయిందని తనకు తాను చెప్పుకున్నాడు.

వెంకటమ్మ ఇంకా చెబుతూనే ఉంది. హీనా పంపిన దుప్పటి గురించి, ఫరా తెచ్చే అన్నం గురించి, తమకు ఎవరూ లేకపోయినా దేవుడిలా సారు దొరికాడని. అతను ఆమెను మధ్యలో ఆపలేదు. ఆ మంచి మాటలన్నీ చివరి దాకా విన్నాడు. అవి వినడమే తనకు పడాల్సిన శిక్ష అనిపించింది.

ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"వెంకటమ్మా," అన్నాడు హఫీజ్. "కూసొని ఇను."

మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.